కొత్త ఫోన్‌లో లోపం సాఫ్ట్‌వేర్‌దా, హార్డ్‌వేర్‌దా? వాపసు గడువు లోపలే తేల్చుకోవడం ఎలా

కొత్తగా విడుదలైన ఫోన్ కొన్న వారానికే కాల్ మధ్యలో తెగిపోవడం, జేబులో ఉండగానే వేడెక్కడం, కెమెరా తెరవగానే స్క్రీన్ నల్లబడి ఆగిపోవడం వంటివి కనిపిస్తే, చాలామంది ‘అప్‌డేట్ వస్తే అదే సర్దుకుంటుందిలే’ అని ఊరుకుంటారు. ఆ మాట చాలాసార్లు నిజమే అవుతుంది. నిజం కానప్పుడు మాత్రం, అప్‌డేట్ కోసం ఎదురుచూస్తూ ఉండగానే కొన్న చోట ఇచ్చిన వాపసు గడువు కాస్తా దాటిపోతుంది. మార్చి కొత్తది తెచ్చుకోవలసిన ఫోన్ మరమ్మతులకు తిప్పవలసిన ఫోన్‌గా మిగిలిపోతుంది. కాబట్టి ఫోన్ చేతికి వచ్చిన రోజునే బిల్లు తీసి, వాపసు లేదా మార్పిడి గడువు ఎన్నో తేదీతో ముగుస్తుందో చూసి, దానికి మూడు రోజుల ముందు తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. కింద చెప్పిన పరీక్షలన్నీ ఆ గుర్తు పెట్టుకున్న తేదీ లోపల పూర్తి కావాలి.

కొత్త ఫోన్‌లోనే ఎందుకు ఇలా జరుగుతుంది

ఫోన్ పెట్టెలోకి చేరే సాఫ్ట్‌వేర్ విడుదల రోజు నాటిది కాదు. ఫ్యాక్టరీలో లక్షల ఫోన్లు తయారై, పెట్టెల్లో సర్దుకుని, దూర ప్రాంతాలకు చేరడానికి వారాలు పడుతుంది కనుక, ఆ వారాలకు ముందే ఒక సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను ఖరారు చేసి అన్నింటిలో ఎక్కిస్తారు. తర్వాత దొరికిన బగ్‌ల సవరణలన్నీ మొదటి రోజు అప్‌డేట్‌గా వస్తాయి. ఫోన్ తెరిచీ తెరవగానే పెద్ద అప్‌డేట్ ఒకటి సిద్ధంగా ఉండడానికి కారణం ఇదే.

రెండో కారణం, ఫోన్‌లో ఒకే సంస్థ రాసిన సాఫ్ట్‌వేర్ ఉండకపోవడం. ఆండ్రాయిడ్ గూగుల్‌ది, దాని మీది పొర ఫోన్ తయారీదారుది, సిగ్నల్‌ను నడిపించే మోడెమ్ కోడ్ చాలాసార్లు చిప్ తయారుచేసినవారిది, నెట్‌వర్క్ సెట్టింగ్‌లు ఆపరేటర్‌వి, మనం వేసుకునే యాప్‌లు ఇంకెవరివో. వీటిలో ప్రతిదీ విడిగా సరిగ్గానే పనిచేసి, కలిసినప్పుడు తేడా చేయవచ్చు. 2021 డిసెంబరులో బయటపడిన ఒక లోపం దీనికి సరైన ఉదాహరణ: మైక్రోసాఫ్ట్ టీమ్స్ యాప్‌ను ఫోన్‌లో పెట్టుకుని అందులో లాగిన్ కాకుండా వదిలేసినవారిలో కొందరికి, ఆండ్రాయిడ్ 10, ఆ తర్వాతి వెర్షన్లలో, అత్యవసర నంబరుకు కాల్ వెళ్లలేదు. ఆఫీసు మీటింగ్‌ల యాప్‌కూ అత్యవసర కాల్‌కూ సంబంధం ఉంటుందని ఎవరు ఊహిస్తారు? తయారీదారు ప్రయోగశాలలో ఎంత పరీక్షించినా, కొన్నవారందరి ఫోన్లలో ఉండే యాప్‌ల కలగలుపును, వారి ఊళ్లలోని టవర్ల తీరును పూర్తిగా అనుకరించడం సాధ్యం కాదు. మొదటి నెలలో కొన్నవారే ఆ మిగిలిన పరీక్ష చేసినవారు అవుతారు.

మొదటి రోజు

పాత ఫోన్‌లోని డేటా అంతా ఒక్కసారిగా కొత్తదానిలోకి తెచ్చుకోవాలన్న తొందర సహజమే. అయినా ఒక పూట ఆగితే మంచిది. యాప్‌లేవీ వేయకముందు, ఖాళీగా ఉన్న ఫోన్ ఎలా ఉందో చూసి పెట్టుకుంటే, తర్వాత వచ్చే ప్రతి సందేహానికీ పోల్చుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

ముందుగా వైఫై కలిపి, ఉన్న అప్‌డేట్‌లన్నీ ఎక్కించండి. సెట్టింగ్స్‌లోని ‘ఫోన్ గురించి’ అన్న పేజీకి వెళ్లి, మోడల్ పేరు, ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్ (ఐఫోన్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) వెర్షన్, బిల్డ్ నంబరు (ఆ సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఏ కూర్పో చెప్పే గుర్తు) కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంకో చోట దాచుకోండి. డయలర్‌లో *#06# నొక్కితే ఐఎంఈఐ, అంటే ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరు, వస్తుంది. అది పెట్టె మీద, బిల్లు మీద ఉన్న నంబరుతో కలుస్తోందో లేదో అప్పుడే సరిచూడండి.

టచ్ పరీక్ష ఒకటి ప్రతివారూ చేయాలి. హోమ్ స్క్రీన్ మీద ఏదైనా యాప్ గుర్తును వేలితో నొక్కి పట్టుకుని, వేలు ఎత్తకుండా, పైనుంచి కిందికి పొలం దున్నినట్లు వరుసలు వరుసలుగా నెమ్మదిగా జరపండి. గుర్తు వేలితో పాటే రావాలి. ఎక్కడైనా జారిపడితే, అదే చోట మళ్లీ రెండుసార్లు జరిపి చూడండి. ప్రతిసారీ అక్కడే జారిపడితే ఆ చోట టచ్ పనిచేయడం లేదని అర్థం. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ జారితే సాఫ్ట్‌వేర్ తడబడుతూ ఉండవచ్చు. తర్వాత తెల్లని బొమ్మ, నల్లని బొమ్మ ఒక్కొక్కటి స్క్రీన్ నిండా పెట్టి చుక్కలు, గీతలు, రంగు మరకలు ఉన్నాయేమో చూడండి. వాయిస్ రికార్డర్‌లో నిమిషం పాటు మాట్లాడి వినండి. నిజమైన కాల్ ఒకటి చేసి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు స్క్రీన్ ఆరిపోతోందా, తీసిన వెంటనే వెలుగుతోందా అన్నది గమనించండి. అది సరిగా ఆరకపోతే చెంప తగిలి మ్యూట్ నొక్కుకుపోతుంది, ‘నా మాట వినిపించడం లేదు, మైకు పోయింది’ అని పొరబడతాం. చాలా శాంసంగ్ ఫోన్లలో డయలర్‌లో *#0*# నొక్కితే స్క్రీన్, స్పీకర్, సెన్సర్లను విడివిడిగా పరీక్షించే పేజీ తెరుచుకుంటుంది. కొన్ని సంస్థల ఫోన్లలో ఇటువంటి పరీక్షలు వాటి సహాయం యాప్‌లో ఉంటాయి.

ఈ పరీక్షలు కవర్ లేకుండా, స్క్రీన్ మీద గ్లాస్ అంటించకముందే చేయాలి. 2019 అక్టోబరులో గెలాక్సీ ఎస్10 ఫోన్లలో, కొన్ని సిలికాన్ స్క్రీన్ కవర్లు వేసినప్పుడు, నమోదు చేయని వేలు పెట్టినా ఫోన్ తెరుచుకుంది. కవర్ లోపలి గీతల అచ్చును సెన్సర్ వేలిముద్రగా పొరబడడం వల్ల అలా జరిగింది. శాంసంగ్ సాఫ్ట్‌వేర్ ప్యాచ్ ఇచ్చి దాన్ని సరిచేసింది. కవర్ వేశాక వచ్చిన తేడా ఫోన్‌దో కవర్‌దో తెలియాలంటే, కవర్ లేనప్పుడు ఎలా ఉందో ముందు తెలిసి ఉండాలి కదా.

పాత ఫోన్‌ను మాత్రం వాపసు గడువు ముగిసేదాకా చెరిపేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి. దాన్ని చార్జ్ చేసి ఉంచండి. కాల్స్ విషయంలో కొత్త ఫోన్ మీద అనుమానం ఉన్నన్నాళ్లు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవారో, జబ్బుతో ఉన్నవారో ఉంటే, సిమ్‌ను తిరిగి పాత ఫోన్‌లోనే పెట్టుకోవడం మేలు. మందుల వేళలకు అలారం మీద ఆధారపడేవారు మొదటి వారం రెండు ఫోన్లలోనూ అలారం పెట్టుకోవాలి. ఇది అతిజాగ్రత్త అనిపించవచ్చు, కానీ మోగని అలారం వల్ల తప్పిపోయిన మందు మోతాదును ఏ అప్‌డేట్ కూడా వెనక్కి తేలేదు.

మొదటి మూడు రోజుల వేడి

డేటా ఎక్కించిన తర్వాత రెండు మూడు రోజులు ఫోన్ కాస్త వేడిగా ఉండడం, చార్జింగ్ త్వరగా దిగిపోవడం లోపం కాదు. లోపల వేల ఫొటోలను మొహాలవారీగా విడదీయడం, యాప్‌లను ఫోన్‌కు తగ్గట్టు సిద్ధం చేయడం, క్లౌడ్ నుంచి మిగిలినవి దించుకోవడం జరుగుతూ ఉంటుంది. నాలుగో రోజు తర్వాత కూడా వేడి అలాగే ఉంటేనే పట్టించుకోవాలి. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 ప్రో విడుదలైనప్పుడు వేడి గురించి వచ్చిన ఫిర్యాదులకు ఆపిల్ ఇచ్చిన వివరణలో మూడు కారణాలు కలిసి ఉన్నాయి: కొత్తగా సెట్ చేసిన రోజుల్లో జరిగే ఈ లోపలి పని ఒకటి, ఐఓఎస్ 17లోని బగ్ ఒకటి, ప్రాసెసర్ మీద మోయలేనంత పని పెట్టిన కొన్ని యాప్‌లు ఒకటి. అక్టోబరు 4న వచ్చిన 17.0.3 అప్‌డేట్ ఆ బగ్‌ను సరిచేసింది. ఒకే లక్షణానికి మూడు కారణాలు ఉన్నప్పుడు ‘ఫోన్ వేడెక్కుతోంది’ అన్న ఒక్క మాటతో ఏదీ తేలదు.

ఒక్క సందర్భంలో మాత్రం పరీక్షలు, ఎదురుచూపులు ఏవీ వద్దు. ఫోన్ వెనుక భాగం ఉబ్బినా, స్క్రీన్ అంచు లేచినా, ఘాటైన వాసన వచ్చినా, చార్జింగ్ తీసేసి పక్కన పెట్టినా వేడి తగ్గకపోయినా, అది బ్యాటరీ ప్రమాదం. చార్జింగ్ పెట్టకుండా, వీలైతే ఆఫ్ చేసి, మంటలంటుకునే వస్తువులకు దూరంగా ఉంచి, వెంటనే తయారీదారుకు తెలియజేయాలి. 2016లో గెలాక్సీ నోట్ 7 విషయంలో బ్యాటరీ నిర్మాణంలోనే తప్పు ఉంది. చార్జింగ్ 60 శాతం దాటకుండా ఆపే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌ను సంస్థ పంపింది కానీ, అది ప్రమాదాన్ని తగ్గించే తాత్కాలిక ఏర్పాటే. చివరికి ఆ ఫోన్ తయారీనే ఆపేయవలసి వచ్చింది. వస్తువులోని తప్పును సాఫ్ట్‌వేర్ కొంతసేపు కప్పిపెట్టగలదు, సరిచేయలేదు.

సాఫ్ట్‌వేర్‌దా, హార్డ్‌వేర్‌దా

దీన్ని తేల్చుకోవడానికి కొన్ని గుర్తులు ఉన్నాయి. ఒక అప్‌డేట్ తర్వాతనో, ఒక యాప్ వేసిన తర్వాతనో మొదలైన లోపం, రీస్టార్ట్ చేస్తే కొంతసేపు పోయి మళ్లీ వచ్చే లోపం, ఒక్క యాప్‌లోనే కనిపించే లోపం చాలావరకు సాఫ్ట్‌వేర్‌వే. ఎప్పుడూ స్క్రీన్ మీద ఒకే చోట వచ్చే లోపం, ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు సంస్థ గుర్తు కనిపించే దశలో కూడా ఉండే లోపం, ఫోన్‌ను కాస్త నొక్కినా, చల్లని గదిలోంచి ఎండలోకి వెళ్లినా మారిపోయే లోపం హార్డ్‌వేర్ వైపు చూపిస్తాయి.

స్క్రీన్ మీద గీత కనిపిస్తున్నప్పుడు చేయదగిన సులభమైన పరీక్ష ఉంది. గీత కనిపిస్తుండగానే స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని వేరే ఫోన్‌కు పంపి అక్కడ చూడండి. అందులో గీత ఉంటే, బొమ్మ తయారయ్యే దశలోనే, అంటే సాఫ్ట్‌వేర్‌లోనే, తప్పు జరిగింది. స్క్రీన్‌షాట్‌లో గీత లేకుండా మీ స్క్రీన్ మీదే ఉంటే తప్పు ఆ దశ దాటిన తర్వాతిది. ఎప్పుడూ ఒకే చోట ఉండే గీత అయితే అది దాదాపుగా డిస్‌ప్లేదే. తక్కువ వెలుతురులో స్క్రీన్ అంతా పచ్చగానో గులాబీగానో మారడం వంటి రంగు తేడాలకు మాత్రం ఈ పరీక్ష చాలదు. డిస్‌ప్లేను నడిపించే సాఫ్ట్‌వేర్ తప్పులు స్క్రీన్‌షాట్‌లో పడవు.

సిగ్నల్ విషయంలో స్క్రీన్ పైభాగాన కనిపించే సిగ్నల్ గీతలను నమ్మవద్దు. 2010లో ఐఫోన్ 4 వచ్చినప్పుడు, చేతితో పట్టుకునే తీరును బట్టి సిగ్నల్ పడిపోతోందన్న గొడవ మధ్య, ఎన్ని గీతలు చూపించాలో లెక్కించే సూత్రమే పూర్తిగా తప్పని, ఉన్నదానికంటే ఎక్కువ గీతలు చూపిస్తోందని ఆపిల్ స్వయంగా ప్రకటించి, జూలైలో ఐఓఎస్ 4.0.1తో ఆ లెక్కను మార్చింది. గీతలు సంస్థ ఎంచుకున్న లెక్క మాత్రమే. ఆండ్రాయిడ్‌లో ‘ఫోన్ గురించి’ పేజీలోని సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ బలం డీబీఎమ్ అన్న కొలతలో అంకెగా ఉంటుంది. అది మైనస్ అంకె. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బలంగా ఉన్నట్లు. మైనస్ 85 కంటే మైనస్ 115 చాలా బలహీనం. అదే సిమ్‌ను పాత ఫోన్‌లో వేసి, అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుని, అదే రకం నెట్‌వర్క్ మీద ఆ అంకెను పోల్చి చూస్తే, తప్పు టవర్‌దో ఫోన్‌దో చాలావరకు తెలిసిపోతుంది.

ఈ గుర్తులు మోసం చేసే సందర్భాలూ ఉన్నాయి. 2022 సెప్టెంబరులో ఐఫోన్ 14 ప్రోలో కొన్ని యాప్‌ల నుంచి కెమెరా తెరిస్తే లెన్స్ అదిరిపోయేది, గరగరమని శబ్దం కూడా వినిపించేది. చేతికి తెలిసేలా కదులుతున్న భాగాన్ని చూసి ఎవరైనా హార్డ్‌వేర్ పాడైందనే అనుకుంటారు. కానీ ఫోన్ సొంత కెమెరా యాప్‌లో ఆ తేడా రాలేదు. ఫోన్ విడుదలైన వారం లోపే వచ్చిన 16.0.2 అప్‌డేట్‌తో అది పోయింది. కెమెరా అనుమానం వచ్చినప్పుడు ఫోన్‌తో వచ్చిన యాప్‌లో ఒకసారి, బయటి యాప్‌లో ఒకసారి తెరిచి చూడాలన్నది ఇందులోంచి నేర్చుకోవలసినది. అలాగే 2020లో ఒక సరస్సు ఫొటోను వాల్‌పేపర్‌గా పెట్టుకున్న కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు ఆన్ అవుతూ ఆరిపోతూ తిరుగుతూనే ఉండిపోయాయి. ఆ ఫొటో రంగుల లెక్కలో ఒక విలువ గరిష్ఠ పరిమితి అయిన 255ను దాటిపోవడం, ఆ విలువను ఫోన్ సాఫ్ట్‌వేర్ తట్టుకోలేకపోవడం మాత్రమే కారణం. ఫోన్ చచ్చినట్లు కనిపించినంత మాత్రాన మదర్‌బోర్డు పోయినట్లు కాదు.

ఒకసారికి ఒక్క మార్పు

లోపాన్ని వెతకడంలో అందరూ చేసే పొరపాటు, తోచినవన్నీ ఒకేసారి చేసేయడం. రెండు యాప్‌లు తీసేసి, నెట్‌వర్క్ మార్చి, రీస్టార్ట్ చేసి, బ్యాటరీ సేవర్ పెట్టిన తర్వాత లోపం పోతే, దేని వల్ల పోయిందో తెలియదు. మళ్లీ వచ్చినప్పుడు మొదటికొస్తాం. ఒక మార్పు చేయడం, ఒక రోజు చూడడం, మార్పును వెనక్కి తీసి లోపం తిరిగి వస్తోందో లేదో చూడడం: ఈ మూడూ కలిస్తేనే ఒక పరీక్ష.

నా సొంత అనుభవం చెబుతాను. కొత్తగా వచ్చిన ఫోన్ ఒకటి కొన్నప్పుడు, రాత్రి 11 గంటలకు 92 శాతం ఉన్న బ్యాటరీ తెల్లవారి 6 గంటలకు 64కు దిగిపోయేది. ఫోన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. బ్యాటరీ పేజీలో ఏ యాప్ పేరూ పైకి రాలేదు, మొబైల్ నెట్‌వర్క్ అన్న వరుస ఒక్కటే పొడుగ్గా కనిపించింది. మంచం పక్కన కాగితం పెట్టుకుని రోజూ రెండు అంకెలు రాయడం మొదలుపెట్టాను. మూడో రాత్రి నెట్‌వర్క్ రకాన్ని 5జీ నుంచి 4జీకి మార్చి పడుకుంటే, 92 ఉన్నది 87 దగ్గర ఆగింది. నాలుగో రాత్రి కూడా అంతే. ఐదో రాత్రి కావాలనే మళ్లీ 5జీ పెట్టాను; 90 నుంచి 63కు దిగింది. మా పడకగదిలో 5జీ సిగ్నల్ అందీ అందనట్లు ఉంటుంది. ఫోన్ రాత్రంతా దాన్ని పట్టుకుంటూ, వదిలేస్తూ, మళ్లీ వెతుక్కుంటూ గడిపిందని అప్పుడు అర్థమైంది. పాత ఫోన్ అదే గదిలో అదే సిమ్‌తో అలా చేయలేదు కాబట్టి టవర్‌ను మాత్రమే తప్పు పట్టలేను. ఆ కాగితాన్ని ఫొటో తీసి తయారీదారుకు పంపాను. కొన్ని వారాలకు వచ్చిన అప్‌డేట్‌తో ఆ సమస్య తగ్గింది. ఆ అయిదు రాత్రుల అంకెలు లేకపోతే నేను బ్యాటరీ పాడైందని నమ్మి, సర్వీస్ సెంటర్‌లో అనవసరంగా ఫోన్ విప్పించి ఉండేవాడిని.

మార్పులు చేసేటప్పుడు నష్టం తక్కువ ఉన్నవాటితో మొదలుపెట్టాలి. మొదటిది రీస్టార్ట్. ఫోన్ పూర్తిగా హ్యాంగ్ అయి ఏదీ పనిచేయకపోతే, ఐఫోన్ 8, ఆ తర్వాతి ఐఫోన్లలో వాల్యూమ్ పెంచే బటన్‌ను ఒకసారి, తగ్గించే బటన్‌ను ఒకసారి నొక్కి వదిలి, ఆపిల్ గుర్తు వచ్చేదాకా పక్క బటన్‌ను నొక్కి పట్టుకోవాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్‌ను, వాల్యూమ్ తగ్గించే బటన్‌ను కలిపి పది సెకన్లకు పైగా పట్టుకుంటే సరిపోతుంది. దీని వల్ల డేటా పోదు.

తర్వాత, అనుమానం ఉన్న యాప్‌ను అప్‌డేట్ చేసి, బలవంతంగా ఆపి, దాని క్యాష్‌ను, అంటే త్వరగా తెరుచుకోవడానికి యాప్ తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లను, తుడవండి. క్యాష్ తుడవడం, డేటా తుడవడం ఒకటి కాదు. క్యాష్ తుడిస్తే యాప్ కాసేపు నెమ్మదిస్తుంది, అంతే. డేటా తుడిస్తే లాగిన్ పోతుంది, ఆ యాప్ ఫోన్‌లోనే దాచుకున్నవి కూడా పోతాయి. చాట్‌ల యాప్‌లు, ఓటీపీలు తయారుచేసే యాప్‌ల విషయంలో బ్యాకప్ లేకుండా రెండోదాని జోలికి వెళ్లవద్దు.

ఆండ్రాయిడ్‌లో ఆ తర్వాతి మెట్టు సేఫ్ మోడ్. చాలా ఫోన్లలో పవర్ మెనూలోని ‘పవర్ ఆఫ్’ గుర్తును నొక్కి పట్టుకుంటే, సేఫ్ మోడ్‌లో తెరవమంటారా అని అడుగుతుంది. అందులో మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు. లోపం సేఫ్ మోడ్‌లో కనిపించకపోతే తప్పు మన యాప్‌లలో ఒకదానిదే. ఇటీవల వేసినవాటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే తీసి చూడాలి. సేఫ్ మోడ్‌లోనూ ఉంటే తప్పు సిస్టమ్‌దో, హార్డ్‌వేర్‌దో. ఈ ఒక్క పరీక్ష సగం అనుమానాలను తీసేస్తుంది కాబట్టి సర్వీస్ సెంటర్‌కు వెళ్లేముందు తప్పక చేయండి. ఐఫోన్‌లో ఇటువంటి మోడ్ వాడకందారుకు అందుబాటులో లేదు. యాప్‌లను ఒక్కొక్కటిగా తీసి చూడడమే దారి.

కాల్స్, వైఫై, బ్లూటూత్ తేడాలకు నెట్‌వర్క్ సెట్టింగ్‌లను రీసెట్ చేయవచ్చు. వైఫై పాస్‌వర్డ్‌లు, జత చేసిన బ్లూటూత్ పరికరాలు చెరిగిపోతాయి, ఫొటోలూ యాప్‌లూ ఉంటాయి.

ఇవేవీ పనిచేయకపోతే ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోన్‌లోని డేటా అంతా చెరిపేసి కొన్ననాటి స్థితికి తేవడం. దీన్ని చాలామంది సగమే చేస్తారు. రీసెట్ చేసిన వెంటనే పాత బ్యాకప్ అంతా తిరిగి ఎక్కించేస్తే, లోపానికి కారణమైన సెట్టింగో యాప్ డేటానో దాంతో పాటే తిరిగి వస్తుంది. రీసెట్ వల్ల ఏమీ తేలలేదన్న తప్పుడు నిర్ణయానికి వస్తాం. బ్యాకప్ తీసుకుని, అది నిజంగా తెరుచుకుంటోందో లేదో వేరే పరికరంలో చూసుకుని, రీసెట్ చేసి, కొత్త ఫోన్‌గానే మొదలుపెట్టి, ఫోన్‌తో వచ్చిన యాప్‌లతోనే ఒక పూర్తి రోజు గడపండి. అప్పటికీ లోపం కనిపిస్తే, అది వాడకందారు చేతిలో ఉన్నది కాదు. ఫోన్ మార్చమని అడగడానికి ఇంతకంటే బలమైన ఆధారం ఉండదు.

అప్‌డేట్‌లు

భద్రతా అప్‌డేట్‌లను ఆలస్యం చేయవద్దు. పెద్ద వెర్షన్ మార్పులకు మాత్రం, ఉన్న ఫోన్ సరిగ్గా పనిచేస్తూ ఉంటే, కొన్ని రోజులు ఆగడంలో తప్పు లేదు. 2014 సెప్టెంబరు 24న వచ్చిన ఐఓఎస్ 8.0.1 అప్పటికి కొత్తవైన ఐఫోన్ 6, 6 ప్లస్‌లలో సిగ్నల్‌నూ వేలిముద్రనూ పోగొట్టింది. ఆపిల్ దాన్ని అదే రోజు వెనక్కి తీసుకుని, మర్నాడు 8.0.2 ఇచ్చింది. గూగుల్ పిక్సెల్ 6కు 2021 డిసెంబరు అప్‌డేట్ తర్వాత కొందరికి కాల్స్ తెగిపోవడంతో, ఆ అప్‌డేట్‌నే ఆపి, సవరణను 2022 జనవరిలో ఇవ్వవలసి వచ్చింది. ఒకరికి ఒక రోజులో అందిన మందు ఇంకొకరికి వారాల తర్వాత అందింది. వాపసు గడువు విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఈ తేడాయే.

సవరణ ఎప్పుడూ పెద్ద సిస్టమ్ అప్‌డేట్‌గానే రాదని కూడా గుర్తుంచుకోవాలి. 2021 మార్చిలో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్ వంటి యాప్‌లు తెరిచీ తెరవగానే మూసుకుపోయాయి. తప్పు ఆ యాప్‌లది కాదు. యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే వెబ్‌వ్యూ అన్న భాగానిది. ప్లే స్టోర్‌లో వెబ్‌వ్యూను, క్రోమ్‌ను అప్‌డేట్ చేస్తే సరిపోయింది. ఆండ్రాయిడ్ 10 నుంచి సిస్టమ్‌లోని కొన్ని భాగాలు ‘గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్’ పేరుతో విడిగా వస్తున్నాయి. 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్ 14 వేసుకున్న పిక్సెల్ ఫోన్లలో, ఒకటికి మించి యూజర్లు ఉన్నచోట, కొందరికి సొంత ఫొటోలు, ఫైళ్లే అందకుండా పోయాయి. దానికి సవరణ మొదట వచ్చింది ఈ దారిలోనే. కాబట్టి సిస్టమ్ అప్‌డేట్, గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్, ప్లే స్టోర్‌లోని యాప్‌ల అప్‌డేట్‌లు మూడూ చూసిన తర్వాతే ‘ఇంకా సవరణ రాలేదు’ అనాలి.

అప్‌డేట్ మొదలుపెట్టేముందు బ్యాకప్, సగానికి పైగా చార్జింగ్, ఖాళీ జాగా ఉండాలి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7తో మొదలై, చాలా ఫోన్లలో సిస్టమ్‌కు రెండు అరలు ఉంటున్నాయి. కొత్త వెర్షన్ వాడకంలో లేని అరలో ఎక్కుతుంది, అది తెరుచుకోకపోతే ఫోన్ పాత అరకు తిరిగి వెళ్తుంది. ఇది తెరుచుకోని ఫోన్ నుంచి కాపాడుతుందే కానీ, తెరుచుకున్నాక కనిపించే బగ్ నుంచి కాదు. వెనక్కి వెళ్లడం కష్టం: ఆపిల్ పాత వెర్షన్లను మళ్లీ ఎక్కించుకునే దారిని కొద్ది రోజులకే మూసేస్తుంది, ఆండ్రాయిడ్‌లో పాత వెర్షన్‌కు వెళ్లాలంటే సాధారణంగా డేటా అంతా చెరిగిపోతుంది. రోజూ వాడే ఒకే ఒక్క ఫోన్‌లో బీటా వెర్షన్, అంటే ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్, వేయవద్దు.

ఫిర్యాదు రాసే తీరు

‘ఫోన్ సరిగా పనిచేయడం లేదు’ అని రాస్తే, ‘రీసెట్ చేసి చూడండి’ అన్న జవాబే వస్తుంది. ఆ జవాబు వృథా చేసే రోజులు మీ గడువులోవే. ఇలా రాయండి: ‘ఫలానా బిల్డ్ నంబరుతో ఉన్న ఫోన్‌లో, వైఫై మీద మాట్లాడుతూ గది దాటి మొబైల్ నెట్‌వర్క్‌కు మారేటప్పుడు కాల్ తెగిపోతోంది. 12వ తేదీ ఉదయం 9.40కి, 13వ తేదీ సాయంత్రం 6.15కి, 14వ తేదీ రాత్రి 8.05కి జరిగింది. సేఫ్ మోడ్‌లోనూ జరిగింది. 15న రీసెట్ చేసి, యాప్‌లు వేయకుండా చూశాను, 16న మళ్లీ జరిగింది. ఇదే సిమ్‌తో పాత ఫోన్‌లో జరగలేదు.’ ఇటువంటి ఉత్తరానికి మొదటి మెట్టు సలహాలతో జవాబు ఇవ్వడం ఎవరికైనా కష్టం. లోపం కనిపించే క్షణాన్ని ఇంకో ఫోన్‌తో వీడియో తీసి జతచేయండి, ఎందుకంటే సర్వీస్ సెంటర్‌లో బల్ల మీద పెట్టేసరికి ఫోన్ బుద్ధిగా పనిచేయడం అందరికీ అనుభవమే.

ఆండ్రాయిడ్‌లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. అందులోని ‘బగ్ రిపోర్ట్’ లోపం వచ్చిన సమయంలో లోపల ఏం జరిగిందో ఒక ఫైల్‌గా ఇస్తుంది. లోపం జరిగిన వెంటనే తీస్తేనే దానికి విలువ. ఆ ఫైల్‌లో మీ యాప్‌ల వివరాలు, ఖాతాల పేర్ల వంటి సొంత సమాచారం ఉంటుంది కనుక, దాన్ని తయారీదారుకు మాత్రమే పంపాలి, నలుగురూ చూసే చోట పెట్టకూడదు.

ఫిర్యాదుకు నంబరు తీసుకోండి. ఫోన్‌లో మాట్లాడినా, తర్వాత అదే విషయాన్ని మెయిల్‌లో రాసి పంపండి. ‘తర్వాతి అప్‌డేట్‌లో సరి అవుతుంది’ అని చెబితే, అది ఏ తేదీకి వస్తుందో, అప్పటిదాకా మార్పిడి గడువును పొడిగిస్తారా లేదా అన్నది రాతపూర్వకంగా అడగండి. తేదీ చెప్పలేకపోతే, మొదట గుర్తు పెట్టుకున్న ఆ మూడు రోజుల ముందు తేదీన ఫోన్ తిరిగి ఇచ్చేయండి. నచ్చిన ఫోన్‌ను వదులుకోవడం కష్టంగానే ఉంటుంది, అయినా కాల్ నిలవని ఫోన్‌ను ఆశ మీద అట్టేపెట్టుకోవడం సరికాదు.

మరమ్మతుకు ఇవ్వవలసి వస్తే సిమ్, మెమొరీ కార్డు తీసి ఇవ్వండి. స్క్రీన్ లాక్ పిన్ కాగితం మీద రాసి ఇవ్వకండి. శాంసంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్ ఫోన్లలో రిపేర్ మోడ్ మీ డేటాను కనబడకుండా ఉంచి, ఫోన్‌ను పరీక్షించడానికి మాత్రం వీలు కల్పిస్తాయి. ఇచ్చేటప్పుడు రాసే కాగితంలో మీరు చెప్పిన లోపం మీ మాటల్లోనే ఉందో లేదో చదివి సంతకం చేయండి. ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయబడింది’ అని మాత్రమే రాసి తిరిగి ఇస్తే, లోపం పోయిందో లేదో అక్కడే నిలబడి మళ్లీ చూడండి.

మార్చి ఇచ్చిన ఫోన్ చేతికి వచ్చాక, పాత బ్యాకప్‌ను వెంటనే ఎక్కించవద్దు. ఐఎంఈఐ కొత్త బిల్లుతో సరిచూసి, మొదటి రోజు పరీక్షలన్నీ మళ్లీ చేసి, ఖాళీగా ఒక రాత్రి ఉంచి, రాత్రి ఎంత శాతం ఉందో, తెల్లవారి ఎంత ఉందో కాగితం మీద రాసుకున్న తర్వాతే యాప్‌లు వేయడం మొదలుపెట్టండి.